కోసిన ముక్క ఏదిరా?

ఆయన పోయాడన్న కబురు మా యూనియన్ వాట్సాప్ గ్రూపులో పడిన అరగంటలోపు అరవై మూడు దండాలు వచ్చాయి. నేను లెక్కపెట్టాను. చావు కబురు వింటే ముందు ఏడవాలి గాని దండాలు లెక్కపెట్టుకుంటారా అని మీరడగవచ్చు. ఆయనతో నాకున్న సంబంధం అలాంటిది. అరవై మూడు దాకా లెక్కపెట్టి, నేను పోతే ఎన్ని వస్తాయా అని ఆలోచించి, మహా అయితే ఇరవై అని తేల్చుకుని, ఆ తర్వాతే కూర్చుని ఏడ్చాను.

మర్నాడు యూనియన్ సెక్రటరీ ఫోన్ చేశాడు. శుక్రవారం గేటు దగ్గర సంతాప సభట. ఆయన గురించి ఒక పేజీ రాసి నేనే చదవాలట.

"మీయంత బాగా ఎవరు రాస్తారు సార్? పైగా వచ్చే వారం చర్చల కమిటీకి నాయకుణ్ణి ఎన్నుకోవాలి. ఈసారి మీ పేరు తప్ప ఇంకో పేరు లేదు. అందరి ముందు నాలుగు మాటలు మాట్లాడినట్టూ ఉంటుంది" అన్నాడు.

చర్చల కమిటీకి నాయకుడు. ఇరవై ఏళ్ళుగా ఈ మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. చివరికి అది వినపడడానికి కూడా ఆయనే పోవాల్సి వచ్చింది.

మాది విమానాలు బాగుచేసే పని. మీనంబాక్కంలో, విమానాలు నిలిపే హ్యాంగర్. ఏ కంపెనీయో చెప్పను, ఇంకా ఏడాది సర్వీసుంది. నాది తిరువొత్తియూరు, ఆయనది తొండియార్‌పేట. ఇద్దరివీ ఎప్పుడో తాతల కాలంలో ఈ తమిళ ఊరికి వచ్చిపడ్డ తెలుగు కుటుంబాలే. పొద్దున షిఫ్టుకు నేను ముందు రైలెక్కేవాణ్ణి, రెండు స్టేషన్ల తర్వాత ఆయన ఎక్కేవాడు. నేను ఎక్కినప్పుడు కాళ్ళు ముడుచుకుని కాస్త జరిగే మావాళ్ళు, ఆయన ఎక్కగానే లేచి నిలబడి కిటికీ పక్క సీటు ఇచ్చేవాళ్ళు. ఆయన కూర్చునేవాడు కాదు. "కూచోండిరా, నాకు కాళ్ళు ఉండాయి గదా" అని తలుపు దగ్గర నిలబడేవాడు. ఆ సీటు ఖాళీగా, మేం రైలు మారే బీచ్ స్టేషన్ దాకా వచ్చేది. నేను కూర్చుందామంటే అందరూ నావంక అదోలా చూస్తారు. ఎన్ని రోజులు అలా ఖాళీ సీటు పక్కన నిలబడి ప్రయాణం చేశానో నాకే తెలుసు.

ఇంతకీ ఆయనలో ఏముంది? పొడవు లేదు, మాట లేదు, ఇంగ్లీషు అసలే లేదు. చేయి ఉంది. ఆ చేతి సంగతి చెప్పాలంటే లాక్ వైరు సంగతి చెప్పాలి.

విమానం ఇంజనులో బోల్టు బిగించి ఊరుకుంటే చాలదు. అదురుకు అది వదులవుతుంది. అందుకని బోల్టు తలలో ఉండే కంతలోంచి సన్నని ఉక్కు తీగ దూర్చి, రెండు పేటలు కలిపి మెలితిప్పి పక్క బోల్టుకు కడతాం. ఒకటి వదులు కాబోతే తీగ రెండోదాన్ని బిగించే వైపుకు లాగాలి. అదీ దాని కిటుకు. ఈ పని అందరం చేస్తాం. కానీ ఆయన కట్టిన తీగ స్కూలుకు పోయే పిల్లకు తల్లి వేసిన జడలా ఉండేది. ఒక మెలిక ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఇన్‌స్పెక్టర్లు టార్చిలైటు వేసి చూసి, "ఇది అన్న చెయ్యి" అని ముద్ర వేసేవాళ్ళు. అందరికీ ఆయన అన్నే. పని చూసి పేరు చెప్పడమనే గౌరవం మా హ్యాంగర్లో ఆయనకు తప్ప ఎవరికీ లేదు.

నేను ఇంటి మేడ మీద సాధన చేశాను. బట్టలారేసే కొడికి, తులసి కోట చుట్టూ వేసిన కమ్మీలకు, వాటర్ ట్యాంకు మూతకు, దొరికిన ప్రతిదానికీ తీగ కట్టాను. మా ఆవిడ ఒకరోజు పైకి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"కొడికి ఎవరన్నా జడ వేస్తారా? ఆయన మీద ఉండే కడుపుమంటంతా నా కొడి మీద చూపిస్తా ఉండావే!"

"ఎవరి మీద?"

"నాకు తెలీదనుకుంటివా? ఆయన పేరెత్తితే నీకు కూడు దిగదు. ఎన్నూరు నించి ఆయన ఎండు రొయ్యలు తెచ్చిస్తే మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తింటావు."

అదీ నిజమే. ఆ రొయ్యలు బాగుండేవి.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న గుండ్రటి డబ్బా ఉండేది, తలనొప్పి మందు అయిపోయాక మిగిలినది. తీగ కట్టడం పూర్తయ్యాక కొస కోసేస్తాం కదా. ఆ కొస చిటికెన వేలి గోరంత ఉంటుంది. అది ఇంజనులో ఎక్కడో పడి ఉండిపోతే ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే కోసిన కొస చేతికి దొరికేదాకా ఆ విమానం కదలకూడదు. ఆయన తన కొసలన్నీ ఆ డబ్బాలో వేసి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడించి, మూతపెట్టేవాడు. ఎవరు పని ముగించి చేతులు తుడుచుకుంటున్నా వెనకనించి వచ్చి అడిగేది ఒకటే మాట.

"కోసిన ముక్క ఏదిరా?"

బాగా కట్టావా అని అడగడు, ఎంతసేపు పట్టిందని అడగడు. ముక్క చూపిస్తే తలూపి వెళ్ళిపోతాడు. చూపించకపోతే నీతోపాటు మోకాళ్ళ మీద కూర్చుని వెతుకుతాడు. ఒకసారి నేను కోసిన ముక్క కోసం ఇద్దరం అలా గంటంబావు వెతికాం. చివరికి అది నా బూటు అడుగున రబ్బరులో గుచ్చుకుని దొరికింది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆయన్ను తిరిగి తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

ఇంకోసారి నేను తీగను తిరగేసి కట్టాను, బోల్టు బిగిసే వైపు కాకుండా వదులయ్యే వైపుకు. ఆరోజు తల నిండా యూనియన్ గొడవే, చేతుల మీద ధ్యాస లేదు. ఆయన చూశాడు. తీగ కోసేసి, ముక్కలు డబ్బాలో వేసి, కటింగ్ ప్లేరు నా చేతికిచ్చి, "మళ్ళీ కట్టు నాయనా" అన్నాడు. మూడుసార్లు కట్టించాడు. ఇంతలో ఇన్‌స్పెక్టరు వచ్చి టార్చి వేశాడు. "బాగుంది. అన్న కట్టిందేనా?" అన్నాడు. ఆయన వెంటనే, "లేదు సార్, వీడిది. వీడి చెయ్యి బాగుంటాది" అన్నాడు.

మీకు ఈ నొప్పి అర్థమవుతుందో లేదో. నేను దొంగిలించాలని చూసిన పేరును ఆయన దానం చేశాడు. ఆ పొగడ్త వారం రోజులు నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

సరే, నాకూ ఒకటుంది కదా అనుకునేవాణ్ణి. రాత. కార్మిక చట్టం నాకు కంఠతా వచ్చు. వేతన ఒప్పందం గడువు ముగిసినప్పుడు మా కోర్కెల పత్రం మొదటి అక్షరం నించి చివరి అక్షరం దాకా నేనే రాశాను. నలభై ఒక్క అంశాలు. ఇక చర్చల కమిటీకి నాయకుణ్ణి ఎన్నుకోవడానికి గేటు దగ్గర మీటింగు పెట్టారు. నా పేరు ప్రతిపాదించారు. నేను కొత్త చొక్కా వేసుకుని వచ్చాను. ఇంతలో వెనకనించి ఎవడో ఆయన పేరు అరిచాడు. అంతే, చేతులు లేచాయి. నా పక్కన నిలబడ్డ వాడి చెయ్యి కూడా లేచింది. ఆయన అక్కడ లేడు, ఏదో రెక్క కింద పడుకుని పని చేసుకుంటున్నాడు. పిలుచుకొచ్చారు. గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ వచ్చి విషయం విని, "నాకు ఇంగ్లీషు రాదే. సెరి, వీడు మాట్లాడతాడు, నేను ఆడ కూచుంటా" అన్నాడు.

మూడేళ్ళు అలాగే జరిగింది. నేను మాట్లాడాను, ఆయన కూర్చున్నాడు.

ఆ మూడేళ్ళ చర్చల గురించి చెప్పుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. కంపెనీ తరఫున వచ్చిన మొదటి మేనేజరు దీపావళి అయ్యాక తేల్చేద్దామన్నాడు. దీపావళి పోయింది, బదిలీ మీద ఆ మేనేజరూ పోయాడు. రెండో మేనేజరు వచ్చి మొదటి అంశం నించి మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. ఇరవై రెండో అంశం దాకా వచ్చేసరికి ఆ మేనేజరు ఉద్యోగం మానేశాడు. ప్రతి మీటింగుకీ జీడిపప్పు బిస్కెట్లు, మంచి టీ. బయటికి వస్తే క్యాంటీనులో మనుషులు పళ్ళెం పట్టుకుని మా చుట్టూ మూగేవాళ్ళు. "ఏమైంది? ఏమైంది?" ఏమీ కాలేదని ఎన్నిసార్లు చెప్పాలి? నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నాం. మాన్యువల్లో ఉన్న ప్రతి మాటా పాటించి, ఒక్క అడుగు కూడా దాటకుండా పనిచేసి, విమానాలు ఆలస్యం చేశాం. ఆయన ఒక్కడి పనిలో మాత్రం ఏ తేడా రాలేదు. ఆయన ఎప్పుడూ చేసేదే అది.

మూడో మేనేజరు తెలివైనవాడు. ఒకరోజు వరండాలో నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీరే ఈ యూనియన్‌కు మెదడు సార్. మిగతావాళ్ళు ఊరికే కూర్చుంటారు. వచ్చే వారం ఒప్పందం అయిపోతుంది. మొదటి సంతకం మీది. ఒక చిన్న సవరణ, అంతే" అన్నాడు.

సవరణ ఏమిటంటే పాత ఒప్పందంలోని పందొమ్మిదో క్లాజు తీసేయడం. పనిలో చెవులో, కళ్ళో, నడుమో దెబ్బతిని వైద్యపరీక్షలో తప్పిన మెకానిక్కును ఇంటికి పంపకుండా అదే జీతం మీద తేలిక పని ఇవ్వాలనేది ఆ క్లాజు. "పదేళ్ళలో ఎవరైనా వాడారా? ఎవరికీ గుర్తు కూడా లేదు" అన్నాడు మేనేజరు. నాకూ నిజమే అనిపించింది. అనిపించిందని రాస్తున్నాను గాని, అనిపించాలని నేను కోరుకున్నాను. మొదటి సంతకం అన్న మాట చెవిలో పడ్డాక ఇంకేదీ పడలేదు. కొత్త ముసాయిదాలో ఇరవయ్యో క్లాజుకు పందొమ్మిది అని నంబరు వేశారు. నేను చూశాను. నోరు మూసుకున్నాను.

సంతకాల రోజు. ఏసీ గది, పొడవాటి బల్ల. నేను నా పెన్ను తీశాను. ఆయన చేతిసంచీలోంచి పాత ఒప్పందం తీశాడు, అంచులు గ్రీజుతో నల్లబడ్డ పుస్తకం. దాన్ని కొత్త ముసాయిదా పక్కన పెట్టుకుని, మాన్యువల్ చదివినట్టే వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదవడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు రాదన్న మనిషి! అక్షరాలు కూడబలుక్కుంటూ, దానికి ఇది, దీనికి అది అని వేలితో జత చూసుకుంటూ. గంటన్నర గడిచింది. బిస్కెట్లు అయిపోయాయి. మేనేజరు గడియారం చూసుకుని తమిళంలో, "పెద్దాయనా, ఇదేం విమానమా?" అన్నాడు.

"విమానమైతే దించి మళ్ళీ చూసుకోవచ్చు సార్. ఇది ఎగిరినాక మళ్ళీ అయిదేళ్ళకు గదా దిగేది" అని ఆయన కూడా తమిళంలోనే జవాబిచ్చి చదువుతూ పోయాడు.

వేలు పద్దెనిమిది మీద ఆగింది. పాత పుస్తకంలో పందొమ్మిది చూశాడు, కొత్తదానిలో పందొమ్మిది చూశాడు. తర్వాత తలెత్తి మేనేజరు వైపు చూడలేదు. నా వైపు చూశాడు. మెల్లగా, తెలుగులో అడిగాడు.

"కోసిన ముక్క ఏదిరా?"

నా చేతిలో పెన్ను మూత తీసి ఉంది. "టైపింగులో పోయిందేమో అన్నా" అన్నాను.

"సెరి. దొరికేదాకా సంతకం ఉండదు" అని పుస్తకం సంచీలో పెట్టుకుని లేచాడు.

ఒప్పందం ఇంకో మూడు నెలలు వెనక్కి పోయింది. జనం ఆయన్ను తిట్టుకున్నారు. ఆ వారం నా సర్వీసులోకెల్లా మంచి వారం. రైల్లో ఆయనకు ఎవరూ సీటివ్వలేదు. నేను ఆ కిటికీ పక్కన కూర్చుని దర్జాగా గాలి పీల్చుకున్నాను. తర్వాత గేటు మీటింగులో ఆయన నిలబడి మాట్లాడింది ఒక్క ముక్కే. "ఎవరికి చెవుల్లో గుయ్యిమంటా ఉండాదో చేతులెత్తండి." సగం మంది ఎత్తారు. "ఆ క్లాజు మీది" అని దిగిపోయాడు. గొణుగుడు ఆగింది. నా ఎడమ చెవిలో కూడా అప్పటికే ఆరు నెలలుగా గుయ్యిమంటోంది. నేను చెయ్యి ఎత్తలేదు.

క్లాజు తిరిగి వచ్చింది, ఒప్పందం అయింది. మొదటి సంతకం నాచేతే పెట్టించాడు ఆయన. బయటికి వస్తే గేటు దగ్గర జనం దండ పట్టుకుని నిలబడ్డారు. ఒక్కటే దండ. నా తల మీదుగా వెళ్ళి ఆయన మెడలో పడింది. మూడేళ్ళు మాట్లాడింది నేను, దండ ఆయనకు.

రెండేళ్ళు తిరిగాయో లేదో, ఏటేటా జరిగే వినికిడి పరీక్షలో నేను తప్పాను. ఎడమ చెవి దాదాపు పోయింది, కుడిది సగం. విమానాల దగ్గర పనికి పనికిరానని కాగితం ఇచ్చారు. ఆ కాగితం కిందనే, పందొమ్మిదో క్లాజు ప్రకారం టూల్ స్టోరులో పని ఇస్తున్నట్టు ఇంకో లైను ఉంది. ఆ లైను చదివి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో ఉంది. ఆ లైను లేకపోతే మా ఇంట్లో పొయ్యి ఎలా వెలిగేదో ఇప్పటికీ ఆలోచించడానికి భయం.

టూల్ స్టోరు కిటికీ దగ్గరికి ఆయన రోజూ వచ్చేవాడు. తన నంబరున్న ఇత్తడి బిళ్ళ నాకిచ్చి, కటింగ్ ప్లేరు తీసుకుని, సాయంత్రం ప్లేరు ఇచ్చి బిళ్ళ తీసుకునేవాడు. ఎప్పుడూ నా కుడి చెవి వైపే నిలబడి మాట్లాడేవాడు. మిగతావాళ్ళకు అది గుర్తుండేది కాదు. ఇంత చిన్న సంగతిలో కూడా నాకంటే మంచివాడిగా ఉండడం ఎందుకు అనిపించేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నా, ఆ రోజు ఆ క్లాజు సంగతి నాకు తెలుసని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎవరితోనూ అనలేదేం?"

ఆయన ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు. "ఎవురు కోసినారని ఏ పొద్దన్నా అడిగినానా? ముక్క ఏడుండాదనే గదా అడిగేది. దొరికింది. అయిపోయింది" అని ప్లేరు తీసుకుని వెళ్ళిపోయాడు.

క్షమించానని అన్నా బాగుండేది. క్షమించడానికి కూడా ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. ఇరవై ఏళ్ళుగా నేను మోస్తున్న మంట ఆయన వైపు అసలు లేనే లేదన్నమాట. అంతకంటే కుళ్ళుకోవాల్సింది ఈ లోకంలో ఏముంటుంది?

ఆయన రిటైరై రెండేళ్ళయింది. ఇప్పుడు పోయాడు. నేను సంతాప పత్రం రాశాను. బాగా వచ్చింది. ఆయన చేయి, డబ్బా, రైలు అన్నీ పెట్టాను. "పందొమ్మిదో క్లాజును కంపెనీ తొలగించబోగా కమిటీ సభ్యులందరం ఒక్కటై నిలిచి కాపాడుకున్నాం" అని కూడా పెట్టాను. మా ఆవిడకు చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుంది. శుక్రవారం పొద్దున రైల్లో ఇంకోసారి చూసుకుందామని కాగితం తీశాను. ఎప్పుడు అంటుకుందో ఆ అలవాటు, వేలు పెట్టి లైను లైను చదువుతున్నాను. ఆ లైను మీదికి వచ్చేసరికి వేలు ఆగింది. తొండియార్‌పేటలో రైలు ఆగింది. తలుపు దగ్గర ఎవరూ ఎక్కలేదు.

గేటు దగ్గర రెండు వందల మంది ఉన్నారు. బల్ల మీద ఆయన ఫోటో, పక్కన మైకు. మళ్ళీ ఒప్పందం ముగిసింది, మళ్ళీ చర్చలు, మళ్ళీ కంపెనీ ముసాయిదా. అందరి చూపులూ నా మీదే. ఇంతమంది నా మాట కోసం నిలబడడం అదే మొదటిసారి. చదువుతూ చదువుతూ ఆ లైను దగ్గరికి వచ్చాను. దాటేస్తే దాటిపోతుంది. వచ్చే వారం చేతులు లేస్తాయి, అన్నీ నాకోసమే.

"ఈడ తప్పు రాసినాను" అన్నాను మైకులో. తమిళంలో మాట్లాడాల్సినవాణ్ణి, తెలుగు వచ్చేసింది. మళ్ళీ అందరికీ అర్థమయ్యేలా తమిళంలో చెప్పాను. ఆ క్లాజును కమిటీ కాపాడలేదని, పోనిచ్చింది నేనని, మొదటి సంతకం మీద ఆశతో తెలిసి తెలిసి నోరు మూసుకున్నానని, ఆయనొక్కడే వెతికి పట్టుకున్నాడని, ఇవాళ నేను తింటున్న అన్నం ఆ క్లాజుదేనని. కొత్త ముసాయిదాలో కూడా పందొమ్మిదిని వేలు పెట్టి చూసుకోమని.

ఎదుట అందరి పెదవులూ కదులుతున్నాయి. జనం ఎక్కువగా నా ఎడమవైపు ఉన్నారు. తిట్టారో, మెచ్చుకున్నారో నాకు వినపడలేదు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని పక్కకు జరిగాను. సెక్రటరీ నా మొహం చూడకుండా దండ చేతిలోకి తీసుకున్నాడు.

ఈసారి కూడా ఒక్కటే దండ తెచ్చారు. మాట్లాడింది నేను, అది వెళ్ళి ఆయన ఫోటోకే పడింది.